తినుడు కాదు మేడం, బయటకు పోవుడు

కాజీపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. కొడుకు హన్మకొండలో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, డే స్కాలర్. సాయంత్రం కాలేజీ వదలగానే నలుగురైదుగురు దోస్తులతో ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర ఆగుతాడు. ఎగ్ ఫ్రైడ్ రైసో నూడుల్సో తిని ఇంటికొచ్చి "ఆకలి లేదు" అని పుస్తకం పట్టుకుంటాడు. వారానికి నాలుగైదు రోజులు ఇదే తంతు. గట్టిగా అడిగితే "జంక్ అని నాకు తెల్వదా డాడీ?" అంటాడట. తెలిసి మరీ ఎందుకు తింటున్నాడు, చేతి ఖర్చు డబ్బులు బంద్ చేయాలా, తొమ్మిదో తరగతి చదివే చెల్లెలు కూడా అదే దారి పట్టకుండా ఏం చేయాలి? ఆయన అడిగినవి ఈ మూడు.

అన్నా, నేను హన్మకొండలో 18 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదట ఆసుపత్రిలో, ఇప్పుడు సొంతంగా. జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు పిలిస్తే వెళ్లి పిల్లలతో మాట్లాడుతుంటాను. మీ మూడు ప్రశ్నల్లో మొదటిదే అసలుది. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్టే. అందుకే దాని మీద ఎక్కువ రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందుగా "ఫాస్ట్ ఫుడ్" అనే మాట సంగతి. పేపర్లో ఫాస్ట్ ఫుడ్ గురించి వార్త వస్తే పక్కన బర్గర్ బొమ్మ వేస్తారు. మన దగ్గర పదహారేళ్ల పిల్లాడి నోట ఆ మాట వస్తే అది బర్గర్ కాదు, బండి. ఎర్ర అక్షరాల బోర్డు, గ్యాస్ సిలిండర్, బుసకొట్టే పొయ్యి, నల్లగా మెరిసే కడాయి, ముందు నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. ఎగ్ ఫ్రైడ్ రైస్, చికెన్ నూడుల్స్, వెజ్ మంచూరియా. "ఫాస్ట్ ఫుడ్ తిందాం పా" అంటే అదే. పిజ్జాను పిజ్జా అంటారు, షవర్మాను షవర్మా అంటారు, మండిని మండి అంటారు. మిర్చి బజ్జీ, సమోసా అయితే ఈ లెక్కలోకే రావు. మనం "జంక్" అని ఒకే గంపలో పడేసేవన్నీ వాళ్లకు వేర్వేరు. ఒక్కోదానికి ఒక్కో సందర్భం, ఒక్కో ధర, ఒక్కో హోదా. ఇది తెలియకుండా నోరు తెరిస్తే మొదటి నిమిషంలోనే "ఈమెకేం తెల్వదు" అనుకుంటారు. నన్నూ అనుకున్నారు.

అది నేను పనిలో కొత్తగా ఉన్న రోజుల సంగతి. ఒక కాలేజీలో గంటసేపు స్లైడ్లు వేశాను. కొవ్వు పేరుకున్న కాలేయం, పూడుకుపోయిన రక్తనాళం, చక్కెర జబ్బుతో పుండు పడ్డ కాలు. పిల్లలు నిశ్శబ్దంగా చూశారు, నేను పొంగిపోయాను. సాయంత్రం అదే రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే, ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్న ఇద్దరు పిల్లలు బండి దగ్గర కనిపించారు. నన్ను చూసి ప్లేట్లు దాచుకోలేదు. "మేడం, తింటరా?" అని అడిగారు, చాలా మర్యాదగా. నా గంట ఉపన్యాసం వాళ్ల దృష్టిలో ఫిజిక్స్ క్లాసు లాంటిది. విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, పరీక్షలో అడిగితే రాస్తారు. ఆ బండికీ దానికీ సంబంధం ఏముంది?

ఆ దెబ్బతో పద్ధతి మార్చాను. ఇప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా మొదట తలా ఒక చీటీ ఇస్తాను. పేరు రాయొద్దు, "ఫాస్ట్ ఫుడ్" అనగానే మనసులోకి వచ్చే మొదటి మూడు మాటలు రాయండి అంటాను. అన్నీ విప్పి చూస్తే తిండి పేర్లు తక్కువే ఉంటాయి. ఎక్కువగా వచ్చేవి "ఫ్రెండ్స్", "సాయంత్రం", "ట్రీట్", "అవుటింగ్", "ఫ్రీ". ఆ పక్కనే "పింపుల్స్", "పొట్ట", "మమ్మీ తిట్లు" కూడా ఉంటాయి. రెండో చీటీ మీద "మంచి తిండి" అనగానే వచ్చే మూడు మాటలు రాయమంటాను. "ఇల్లు", "అమ్మ", "బాక్స్", "ఆకుకూర". ఒకసారి ఒక చీటీ మీద "జ్వరం" అని ఒకే ఒక్క మాట ఉంది. ఆ చీటీని నేను చాలా రోజులు పర్సులో పెట్టుకు తిరిగాను. ఆ పిల్లకో పిల్లాడికో మంచి తిండి అంటే ఒంట్లో బాగా లేనప్పుడు పెట్టేది. పత్యం.

ఇది మన ఊరి వింత కాదు. 1993లో చాప్‌మన్, మెక్లీన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో టీనేజీ ఆడపిల్లలను కూర్చోబెట్టి తిండి గురించి మాట్లాడించారు. జంక్ ఫుడ్ అంటే వాళ్లకు స్నేహితులు, ఆనందం, స్వేచ్ఛ. దాంతోపాటే లావెక్కడం, తప్పు చేశామన్న బాధ. ఆరోగ్యకరమైన తిండి అంటే తల్లిదండ్రులు, ఇల్లు. ఎక్కడి కెనడా, ఎక్కడి మన హన్మకొండ నయీంనగర్! చీటీలు మాత్రం దాదాపు ఒక్కటే.

ఈ చీటీల తంతు నడుస్తుండగా వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి చెప్పిన మాటనే పైన పేరుగా పెట్టాను. "మీరు తినుడు గురించి చెప్తున్నరు మేడం. మాకది తినుడు కాదు, బయటకు పోవుడు." క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నా పుస్తకంలో రాసుకున్నాను. మీ మొదటి ప్రశ్నకు నాకు దొరికిన అన్నిటికన్నా మంచి జవాబు అదే.

మీ అబ్బాయి రోజును ఒకసారి గంటల లెక్కన చూడండి. పొద్దున ఎనిమిదికల్లా ఇంట్లోంచి బయటపడతాడు. కాలేజీలో పీరియడ్లు, వీక్లీ టెస్టు, ర్యాంకు, స్టడీ అవర్. ఇంటికొస్తే "మాథ్స్‌లో ఎన్నొచ్చినయ్?" మధ్యలో ఆ బండి దగ్గర గడిచే ముప్పై నిమిషాలే వాడిని ఎవరూ ఏమీ అడగని సమయం. ఏం తినాలో వాడే చెబుతాడు, డబ్బులు వాడే ఇస్తాడు, "అన్నా, కొంచెం స్పైసీగ" అంటే బండాయన వింటాడు. రోజు మొత్తంలో వాడి మాట చెల్లే చోటు అదొక్కటే కావచ్చు. మీరు "ఆ చెత్త తినకు" అన్నప్పుడు వాడికి "ఆ అరగంట కూడా నీకు లేదు" అని వినబడుతుంది. అందుకే చిన్న విషయానికి అంత విసురుగా మాట్లాడతాడు.

ఇక తెలిసి కూడా తినడం. నష్టం ఎప్పుడో నలభై ఏళ్ల వయసులో, రుచి ఇప్పుడే. ఆ వయసు మెదడులో ఆనందం వెంట పరుగెత్తే భాగం ముందే చురుకవుతుంది, పగ్గం వేసే ముందు భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా కుదురుకోదు. పక్కన దోస్తులుంటే పగ్గం ఇంకా సడలుతుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద కారు నడిపే ఆట పెట్టి చూశారు. 13–16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా తోటివాళ్లు చూస్తుండగా ఆడినప్పుడు బాగా ఎక్కువ తెగింపు చూపారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా లేదు. కాబట్టి ఇంట్లో మీ ముందు "ఇయ్యాల తినను డాడీ" అన్న పిల్లవాడు అబద్ధం ఆడలేదు. ఆ మాట అన్నప్పుడు వాడు ఒక్కడు, బండి దగ్గర ఐదుగురు.

ఇందులో ఆకలి వాటా కూడా ఉంది, దాన్ని తల్లిదండ్రులు చాలా తక్కువ లెక్క వేస్తారు. 16–18 ఏళ్ల అబ్బాయికి రోజుకు దాదాపు 3,320 కిలో కేలరీలు, 55 గ్రాముల ప్రొటీన్ కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. కూర్చుని పనిచేసే పెద్ద మగమనిషికి 2,110 చాలు. అంటే మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినాల్సింది వాడే. వాడేమో పొద్దున బస్సు తొందరలో రెండు ఇడ్లీలు మింగి పోతాడు. పన్నెండున్నరకు చల్లారిన బాక్సు సగం తిని మూత పెడతాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా నీళ్లే. ఐదున్నరకు బయటికొస్తే ఎదురుగా బండి. ఆ సమయంలో ఆ వాసనకు నేనైనా ఆగుతాను. ఆగాను కూడా.

ఆగి గమనించాను కాబట్టి చెబుతున్నాను. కడాయి ఖాళీగా కాలుతుంటుంది. నూనె క్యాన్ మూతకు బెజ్జం పెట్టి, దాన్ని తలకిందులు చేసి ఒక చుట్టు తిప్పుతాడు. అది మన ఇంటి పెద్ద చెంచాతో మూడు చెంచాల పైమాటే. చెంచాకు 120 కేలరీల చొప్పున నూనెతోనే 360 అయింది. రెండు గుడ్లు కొట్టి కలియబెట్టి, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారట్ ఒక గుప్పెడు. పొద్దుననగా వండి పళ్లెంలో ఆరబెట్టిన అన్నం రెండు గిన్నెలు. ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్ (అదే అజినమోటో), సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్. మంట పైకి లేస్తుంది, కడాయి ఎగరేస్తాడు, గరిటె టకటక మోగుతుంది. రెండున్నర నిమిషాల్లో ప్లేటు చేతికి. పైన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. ఆ టకటక వినడం, ఎగిరే మంట చూడడం, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ తినడం, వీటన్నిటికీ కలిపే వాళ్లు డబ్బులిస్తున్నారు. మన వంటింట్లో ఎంత బాగా చేసినా ఆ మంట రాదు. ఇంటి పొయ్యికి అంత వేడి లేదు.

పిల్లలకు బండి మీద ఉన్న నమ్మకం గురించి ఒక మాట. "హాస్టల్ల ఎప్పుడు వండిన్రో తెల్వదు మేడం, ఈయన మా కండ్ల ముంగటనే చేస్తడు" అంటారు. ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుని తీరాలి. సలసల కాగే కడాయిలోంచి నేరుగా ప్లేటులోకి వచ్చే గుడ్డు వల్ల రోగం వచ్చే అవకాశం తక్కువ. భయపడాల్సింది కళ్ల ముందు జరగని వాటి గురించి. ఆ అన్నం ఎన్ని గంటలు బయట ఉంది? వండిన అన్నం వేసవి ఎండలో గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేయించినా పోదు. గోబీ వేయించిన నూనె ఎన్నో రోజుది? వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది, బండి దగ్గర కొలిచేదెవరు? మంచూరియాకు ఆ ఎరుపు ఎక్కడిది? మోమోస్ పక్కన వేసే తెల్లటి మయోనీజ్ పచ్చి గుడ్డుదైతే? హైదరాబాద్‌లో మోమోస్ తిని చాలామంది జబ్బు పడి, ఒకరు చనిపోయాక 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు మన ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనీజ్‌ను నిషేధించింది. నేను పిల్లలతో కాలేయం గురించి మానేసి ఇలాంటివే మాట్లాడతాను. కుర్చీల్లో ముందుకు జరిగి వింటారు. ఎందుకంటే ఇది వాళ్లను తిట్టడం కాదు, వాళ్ల చేతికి ఒక కిటుకు ఇవ్వడం.

అజినమోటో అంటే అందరూ విషంలా భయపెడతారు. నేను అంతగా భయపెట్టను. మామూలు మోతాదులో అది ప్రమాదమని నిలబడే రుజువు లేదు. దాని మీద చూపే కోపంలో సగం ఉప్పు మీద చూపితే బాగుంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు చాలు. ఒక్క పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రెండు గ్రాముల పైన ఉంటుంది. విడిగా వేసే ఉప్పు, మిగతా సాసులు దానికి అదనం.

హోదా లెక్క కూడా చెప్పాలి. బండి రోజువారీ. బేకరీ పఫ్ ఆకలి తీర్చుకోవడానికి. ఏసీ ఉన్న పిజ్జా షాపు పుట్టినరోజుకి, పరీక్షలు అయిపోయాక, ఫొటోకి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండే పిల్లలు కొందరు మొదటి అవుటింగ్ రోజు ఆ అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లడానికి ఎంత జంకారో చెప్పారు. లోపల ఎలా అడగాలి, ముందు డబ్బులివ్వాలా తర్వాతా, చేత్తో తినొచ్చా? వాళ్లకు అక్కడి పిజ్జా ముక్క "నేను కూడా సిటీ పిల్లనే" అనే సర్టిఫికెట్. దాన్ని మైదా, చీజ్ అని విడదీసి చెబితే తలకెక్కదు. మండి సంగతి ఇంకో రకం. పెద్ద పళ్లెం చుట్టూ ఆరుగురు కూర్చుని డబ్బులు పంచుకుంటారు. ఆ పళ్లెంలో చెయ్యి పెట్టలేనివాడు ఆ గుంపులో లేనట్టే. ఇంట్లో డబ్బు తక్కువున్న పిల్లలు ఈ మాట నాతో ఒంటరిగా చెప్పుకుంటారు.

ఆడపిల్లల దగ్గర కథ వేరేగా నడుస్తుంది, మీ అమ్మాయి కోసం ఇది చదవండి. అబ్బాయిలు "ఏం గాదు" అంటారు, కొందరైతే జిమ్‌లో చేరి "షవర్మాల ప్రొటీన్ ఉంటది మేడం" అని నాకే పాఠం చెబుతారు. అమ్మాయిలు తింటారు, తిన్నాక లెక్కపెట్టుకుంటారు. సాయంత్రం పానీపూరీ, మోమోస్ తిని, రాత్రి "లావైతున్న" అని అన్నం మానేస్తారు. రెండు విధాలా నష్టమే. 16–18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నా దగ్గరికి "చదివింది గుర్తుండట్లేదు, మెట్లెక్కితే ఆయాసం" అని వచ్చే అమ్మాయిల్లో చాలామందికి జబ్బు నూడుల్స్ తిన్నందుకు రాలేదు, నూడుల్స్ తిన్న పాపానికి పప్పు, ఆకుకూర మానేసినందుకు వచ్చింది. కాబట్టి ఆ పిల్ల ముందు "లావైతవ్" అనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకోండి. నానమ్మ నోటా కూడా.

రెండో ప్రశ్న, డబ్బులు. ఆపకండి. ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు నేను చేతికి రూపాయి ఇవ్వకుండా పంపాను, డైటీషియన్ కూతురు బండి దగ్గర కనిపిస్తే పరువు పోతుందని. మూడు నెలల తర్వాత బ్యాగు ఉతుకుదామని పక్క జేబు తిప్పితే చిల్లీ ఫ్లేక్స్ ప్యాకెట్లు పది పడ్డాయి. స్పెషల్ క్లాసులన్నీ ఎక్కడ జరిగాయో అప్పుడు తెలిసింది. డబ్బులు దోస్తుల దగ్గర అప్పు. తిండి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, పిల్ల అంతకాలం నాకు చెప్పలేకపోవడం. పసిపిల్లల మీద కూడా ఇదే తేలింది. ఇష్టమైన తినుబండారం కళ్లకు కనబడేలా పెట్టి తిననివ్వకపోతే దాని మీద మోజు పెరిగిందని 1999లో ఫిషర్, బిర్చ్ రాశారు. అంత చిన్న పిల్లలే అలా ఉంటే పదహారేళ్లవాడికి ఎన్ని దారులు!

డబ్బు వారానికి ఒకసారి, ఒకే మొత్తంగా ఇవ్వండి. ఆ వారం వాడి ఇష్టం. సోమవారం, మంగళవారం ఊదేస్తే శుక్రవారం చేతులు ఖాళీ. అడిగినా ఇవ్వకండి, తిట్టకండి కూడా. రెండు మూడు వారాల్లో వాడే లెక్క వేసుకుంటాడు.

దానికన్నా ముందు ఐదున్నర ఆకలి సంగతి చూడండి. బాక్సుతోపాటు ఇంకో చిన్న డబ్బా పెట్టండి, నాలుగు గంటల బ్రేక్ కోసం. అందులో ఉడికించిన గుడ్లు రెండు, లేదంటే తాలింపు పెట్టిన శనగ గుడాలు, పల్లీ పట్టీ, అరటిపండు. చేతికి అంటనిది, వాసన రానిది, దోస్తులకు పంచగలిగేది కావాలి. సర్వపిండి వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది, ఇంటికొచ్చాక వెయ్యండి. డబ్బా తిన్నవాడు బండి దగ్గర ఆగడని కాదు. ఆగుతాడు, ఆగనివ్వండి. కానీ ఫుల్ ప్లేట్ అడిగే ఆకలి ఉండదు, ఇద్దరు కలిసి ఒకటి చెబుతారు.

ఇక వాడితో ఏం మాట్లాడాలి? అమెరికాలోని టెక్సస్‌లో బ్రయన్, యేగర్ అనే పరిశోధకులు చేసింది నాకు బాగా పనికొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఆరోగ్యం ఊసెత్తకుండా, కంపెనీలు పిల్లలను ఎలా బుట్టలో వేస్తాయో చెప్పారు. తిన్నకొద్దీ ఇంకా తినాలనిపించేలా ఎలా తయారుచేస్తారు, చిన్నపిల్లలకు, పేదవాళ్లకు ఎలా గురిపెట్టి అమ్ముతారు అని. తర్వాత ఆ కంపెనీల ప్రకటనలనే చేతికిచ్చి, వాటి మీద గీతలు గీసి, మాటలు మార్చి, అబద్ధాన్ని నిజం చేయమన్నారు. 2016లో మొదటి ఫలితాలు, 2019లో మరోటి వచ్చాయి. మామూలు ఆరోగ్య పాఠం విన్న అబ్బాయిలతో పోలిస్తే ఈ అబ్బాయిలు బడి క్యాంటీన్‌లో తీపి పానీయాలు, చిరుతిళ్లు కొనడం మూడు నెలల పాటు 31 శాతం తక్కువగా ఉంది. ఆడపిల్లల విషయంలో రెండు పాఠాలకూ తేడా పెద్దగా రాలేదు.

నేను దీన్ని మన పద్ధతిలో చేస్తాను. ఎర్రటి ఎనర్జీ డ్రింక్ సీసా ఒకటి బల్ల మీద పెట్టి, వెనక ఉన్న సన్న అక్షరాలు ఎవరైనా చదవండి అంటాను. "పిల్లలకు సిఫారసు చేయబడదు" అని ఉంటుంది. ఇరవై రూపాయలకు బడి ముందు కిరాణంలో ఎవరికి అమ్ముతున్నారు మరి? క్లాసులో గోల మొదలవుతుంది. తర్వాత కూల్ డ్రింక్ సీసా. వంద మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర. ఒకడిని పిలిచి పావు లీటరుకు సరిపడా ఆరున్నర చిన్న చెంచాల చక్కెర గ్లాసులో వేయిస్తాను. "ఈ గ్లాసుతో మీ అమ్మ చాయ్ ఇస్తే తాగుతవా?" అంటే "ఛీ" అంటారు. బడి ఆవరణలో, గేటుకు 50 మీటర్ల లోపు ఇలాంటివి అమ్మకూడదని 2020 నిబంధనల్లో ఉందని చెబితే, టేపు తెచ్చి కొలుద్దామని లేచినవాళ్లున్నారు. ఎదుటివాడు తమను బకరాలను చేస్తున్నాడని తెలిస్తే ఆ వయసుకు వచ్చే పౌరుషం అంతా ఇంతా కాదు. మీరూ దాన్నే వాడుకోండి. నిజానికి బండి మీద నాకంత కోపం లేదు. ప్లేటు పక్కన వచ్చే సీసా మీద, రాత్రి పదకొండుకు ఫోన్లో ఆర్డరిచ్చే అలవాటు మీద ఉంది. మీ అబ్బాయి ఈ రెండూ మానేసి ఫ్రైడ్ రైస్ వారానికి రెండుసార్లు తింటే నేనైతే సరే అంటాను.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలో కూడా చెబుతాను. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారి రుద్దినా పోకపోతే, బట్టలు కొద్ది నెలల్లోనే నడుము దగ్గర బిగుసుకుపోతే, కళ్ల కింద రెప్ప లోపల తెల్లగా పాలిపోతే, దాక్కుని తినడం గానీ తిన్నాక బాత్రూంలో వాంతి చేసుకోవడం గానీ గమనిస్తే ఆలస్యం చేయకండి. ఇవేవీ లేకపోతే కంగారు పడాల్సిన పని లేదు.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. సాయంత్రం డ్యూటీ లేని రోజు చూసుకుని, ఆ బండి ఎక్కడుందో చూపించమని అబ్బాయిని అడగండి. చెల్లెల్నీ తీసుకెళ్లండి. స్టూలు మీద కూర్చోండి, ఏది బాగుంటుందో వాడినే చెప్పనివ్వండి. నూనె, సాసుల గురించి అక్కడ ఒక్క మాట ఎత్తకండి, మార్కుల గురించి అసలే వద్దు. వాడు బండాయనతో "అన్నా, ఆయిల్ జర తక్కువెయ్యి, మా డాడీ ఉన్నడు" అంటాడేమో చూడండి. బిల్లు మీరు తీయబోతే వాడు వద్దంటాడు. వాడినే కట్టనివ్వండి.